శ్రమ నుండి నిరీక్షణ వరకు: కష్టకాలములో క్రైస్తవ విశ్వాసము

దక్షిణాఫ్రికాలోని నెటాలు తీరమున స్థిరపడిన తెలుగువారిలో క్రైస్తవ కుటుంబములు సంఖ్యలో ఎల్లప్పుడును కొద్దివియే. అయినను వారి పూర్వికులు ఎక్కినది అదే మద్రాసు రేవు ఓడలే. వారు నరికినది అదే చెరకే. వారు నిద్రించినది అదే వరుస గదులలోనే. ఒక గదిలో రామభజన జరుగుచుండగా ప్రక్క గదిలో క్రీస్తు కీర్తన వినబడిన దినములు గలవు. కావున ఆ కుటుంబముల విశ్వాసము ఎట్టి కష్టముల నడుమ నిలిచెనో తెలిసికొనుట మన చరిత్రలో ఒక భాగమును తెలిసికొనుటయే యగును.

ఆ విశ్వాసము వారికి తెలుగు మాటలలో అందినది. నేటి పిల్లలలో పలువురు బైబిలును ఇంగ్లీషులో చదువుచున్నారు. తెలుగు కీర్తనలను రోమను అక్షరములలో వ్రాసికొని పాడుచున్నారు. మాట పోయినచో దానితో కూడ కొంత అర్థమును పోవును. ఆ నష్టము ఎట్టిదో చూపుటకు ఈ పాఠములో నాలుగు మాటలు మాత్రము తీసికొనబడినవి. అవి శ్రమ, ఓర్పు, పరీక్ష, నిరీక్షణ.

ఈ నాలుగు మాటలును తెలుగు బైబిలులో ఒకేచోట, ఇదే వరుసలో కనబడును. అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక ఐదవ అధ్యాయమున మొదటిది రెండవదానిని, రెండవది మూడవదానిని, మూడవది నాలుగవదానిని పుట్టించునని బోధించెను. ఆయన సుఖముగా కూర్చుండి వ్రాసిన వేదాంతి కాడు. కొరడా దెబ్బలు, చెరసాల, ఓడ పగులుట, ఆకలి, చలి యనునవి తాను అనుభవించినట్లు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో ఆయనయే చెప్పుకొనెను. అట్టివాని మాట గనుక కష్టపడినవారు దానిని వినిరి.

1. శ్రమ

శ్రమ యనగా అలసట, ఆయాసము అని మొదటి అర్థము. తెలుగులో ఈ మాట రెండు విధముల వాడబడును. చేతులతో చేయు కష్టము శ్రమ. మనసునకు కలిగిన బాధయు శ్రమయే. గ్రీకు మూలములో పౌలు వాడిన మాటకు నొక్కుట, ఒత్తిడి అని అర్థము. ఇంగ్లీషు బైబిలులో ఆ చోట ఆపద, బాధ అను అర్థము గల మాటలే యున్నవి. కాయకష్టమను అర్థము వానిలో లేదు. తెలుగు బైబిలులో మాత్రము పొలములోని చెమటయు కంటిలోని నీరును ఒక్క మాటలో ఇమిడినవి. చెరకు తోటలో పనిచేయు తెలుగు క్రైస్తవునికి ఈ వాక్యము చదివి వినిపించినప్పుడు అది దూరదేశపు మాట కాదు. అది అతని దినచర్య పేరు.

ఆ దినచర్య ఎట్టిది? 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసు నుండి డర్బను రేవు చేరెను. నాటి నుండి 1911 వరకు సుమారు ఒక లక్షా 52 వేలమంది భారతీయులు గిర్మిటు ఒప్పందముపై నెటాలుకు వచ్చిరి. వారిలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండి బయలుదేరినవారు. ఒప్పందము ఐదేండ్లు. మగవానికి మొదటి యేట నెలకు 10 షిల్లింగులు. ఏటికొక షిల్లింగు చొప్పున పెరిగి ఐదవ యేట 14 షిల్లింగులు. ఆడుదానికి అందులో సగము. ఒక దినము పని తప్పినచో రెండు దినముల కూలి కోయు పద్ధతి అనేక తోటలలో నుండెను. యజమాని వ్రాసి యిచ్చిన చీటి లేక తోట దాటుట నేరము. అతనిమీద ఫిర్యాదు చేయుటకు పోవలెనన్నను ఆ చీటియే కావలెను.

శ్రమ యను మాటకు దగ్గర చుట్టములు కొన్ని గలవు. పరిశ్రమ, ఆశ్రమము, విశ్రాంతి యనునవి ఒకే ధాతువు నుండి పుట్టినవి. ఆదివారమునకు తెలుగు క్రైస్తవులు విశ్రాంతి దినమని పేరు పెట్టిరి. ఆరు దినములు శ్రమ, ఏడవ దినమున విశ్రాంతి: ఒక ధాతువులోనే వారము మొత్తము పూర్తియైనది. ఆదివారమున పొలము పనికి పిలువరాదని నియమమున్నను ఆ నియమము తరచుగా తప్పుచుండెడిది. అట్టి స్థితిలో ఒక పూట కూడి పాడుకొనుట చిన్న సంగతి కాదు. మనిషి యంత్రము కాడు, అతని దినములలో ఒకటి దేవునికి చెందినది అని ఆ కూడిక మాటలాడకయే చెప్పినది.

2. ఓర్పు

ఓర్పు అచ్చ తెలుగు మాట. ఓర్చు అను క్రియ నుండి వచ్చినది. ఓర్చినమ్మకు తేట నీరు అని మన పెద్దల సామెత. కదిలిన చెలమ దగ్గర తొందరపడి కుండ ముంచినవారికి బురద నీరే దొరకును. బురద అడుగునకు దిగువరకు ఆగినవారికి తేట నీరు దొరకును. ఇక్కడ గమనింపవలసిన దేమనగా, ఆ యమ్మ కుండ వదలి ఇంటికి పోలేదు. ఆమె చెలమ దగ్గరనే యున్నది. ఓర్పు అనగా ఆశ విడుచుట కాదు, చోటు విడువకుండుట.

ఈ మాటను తప్పుగా బోధించువారు ఎల్ల కాలములలోను ఉన్నారు. క్రైస్తవుడు ఓర్చుకొనవలెను గనుక అన్యాయము జరిగినను నోరు మెదపరాదని వారు చెప్పుదురు. బైబిలు అట్లు చెప్పలేదు. కీర్తనల గ్రంథములో మొఱ పెట్టు కీర్తనలు అనేకము. ఎంతకాలమని దేవునినే అడుగు కీర్తనలు వానిలో గలవు. లాజరు సమాధి యొద్ద యేసు కన్నీరు విడిచెనని యోహాను సువార్త పదునొకండవ అధ్యాయము తెలుపుచున్నది. ఏడ్చుట అవిశ్వాసము కాదు. అడుగుట అవిధేయత కాదు.

నెటాలు చరిత్రలోనే దీనికి నిదర్శనము కలదు. 1895లో చేసిన చట్టము ప్రకారము ఒప్పందము ముగిసిన పిమ్మట తిరిగి ఒప్పందము చేసికొనక, ఇండియాకు పోక, ఇక్కడనే నిలిచినవారు ఏటికి తలకు 3 పౌనుల పన్ను చెల్లింపవలెను. పదునారేండ్లు దాటిన మగపిల్లలకును పదమూడేండ్లు దాటిన ఆడపిల్లలకును ఈ పన్ను వర్తించెను. మూడు పౌనులనగా అరువది షిల్లింగులు. క్రొత్తగా వచ్చిన కూలివాని ఆరు నెలల జీతము. ఈ పన్నుపై 1913 అక్టోబరులో బొగ్గు గనుల కార్మికులు సమ్మె కట్టిరి. న్యూకాసిల్ పట్టణములో లాజరస్ అను భారతీయ క్రైస్తవుని చిన్న యిల్లు గాంధీగారికిని సమ్మెదారులకును విడిది యయ్యెను. ఆ యిల్లు విడిది యైనందున కలుగు నష్టము తెలిసియే ఆ కుటుంబము తలుపు తెరచినది. సమ్మె తీరపు చెరకు తోటలకు ప్రాకినది. కాల్పులలో కొందరు ప్రాణములు విడిచిరి. 1914లో ఆ పన్ను రద్దయ్యెను. ఏండ్ల తరబడి ఓర్చినవారే ఒక దినమున లేచి నిలిచిరి. ఆ రెండును ఒకే గుణము.

అయితే ఓర్పు అందరికిని దొరకలేదని కూడ ఒప్పుకొనవలెను. నెటాలు తోటలలో ఉరి వేసికొని చనిపోయినవారు అనేకులని నాటి ప్రభుత్వ నివేదికలే తెలుపుచున్నవి. వారిని విశ్వాసము లేనివారని తీర్పు తీర్చు అధికారము ఎవరికిని లేదు. ఒంటరిగా మోయరాని బరువు అది. కనుకనే పౌలు గలతీయులకు వ్రాసిన పత్రికలో ఒకరి భారము ఒకరు మోయుడని బోధించెను. ఓర్పు ఒక్కరి గుణము మాత్రమే కాదు. ఒక సంఘము కలిసి మోయవలసిన కావడి.

3. పరీక్ష

బడిపిల్లలకు పరీక్ష యనగానే ప్రశ్నపత్రమును మార్కులును జ్ఞాపకము వచ్చును. కాని ఆ మాటలోని పరి అనగా చుట్టును, ఈక్ష అనగా చూచుట. అన్ని వైపుల నుండి చూచుట పరీక్ష. కంసాలి బంగారమును గీటురాయిపై గీసి చూచునది దానిని పాడుచేయుటకు కాదు. అది బంగారమని తెలియుటకు. పౌలు ఉద్దేశించిన అర్థమును ఇట్టిదే: కష్టములో నిలిచి నిగ్గు తేలిన గుణము.

నెటాలులోని తెలుగు బాప్తిస్టు కుటుంబములలో అనేకుల మూలము నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో నున్నది. ఆ ప్రాంతములో జరిగిన ఒక సంగతి ఈ మాటకు మంచి వ్యాఖ్యానము. 1876 మొదలు 1878 వరకు దక్షిణ భారతమున ఘోరమైన కరవు వచ్చెను. అప్పుడు ఒంగోలులో అమెరికను బాప్తిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగము త్రవ్వు పనిని గుత్తకు తీసికొని ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించెను. కాలువ గట్టున పని సాగుచుండగా బోధకులు క్రీస్తు కథ చెప్పిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. కాని కరవు సాగినంత కాలము, ఒక సంవత్సరమునకు పైగా, ఆయన ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. కూటి కొరకు మతములో చేరిరన్న నింద వారిపై పడరాదని ఆయన ఆలోచన. కరవు తీరి, కాలువ పని ముగిసి, ఇచ్చుటకు కూలి లేనప్పుడును ఆ జనులు మరల వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందిరి. గీటురాయిపై గీసి చూచిన పిమ్మటనే ఆ బంగారము లోకమునకు తెలిసినది.

వారిలో అధికులు మాదిగ కులమునకు చెందినవారు. కరవునకు ముందే వారిలో మొదట విశ్వసించిన యెర్రగుంట్ల పేరయ్యయు అతని తోడివారును మరియొక పరీక్షను ఎదుర్కొనిరి. ఆదివారమున వెట్టి చేయకుండుట, చచ్చిన పశువుల మాంసము తినకుండుట, గ్రామ జాతరలలో డప్పు కొట్టకుండుట అను నియమములను వారు పూనిరి. వాని మూలమున పల్లెలలో పనియు కూడును కోలుపోయినవారు గలరు. ఊరి బావి తాకరాని వారికి తాము దేవుని యెదుట నిలువదగిన మనుష్యులమని తెలిసినది. ఆ తెలివికి వెల చెల్లింపవలసి వచ్చినది, వారు చెల్లించిరి. అట్టివారి సంతానములో కొందరు పిమ్మట నెటాలు ఓడ లెక్కిరి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. తనకు వచ్చిన కష్టమును పరీక్షగా చెప్పుకొను హక్కు కష్టపడువానికే కలదు, చూచువానికి లేదు. యోబు కథ ఇందుకు సాక్ష్యము. యోబు పిల్లలను, ఆస్తిని, ఆరోగ్యమును కోలుపోయినప్పుడు అతని స్నేహితులు వచ్చి ఏడు దినములు మాటలాడక అతనితో నేలపై కూర్చుండిరి. అంతవరకు వారు చేసినది మేలైన పని. పిమ్మట వారు నోరు తెరచి, నీవు పాపము చేసియుందువు గనుకనే ఇది వచ్చినదని వివరింప నారంభించిరి. కథ చివర దేవుడు కోపపడినది ఆ వివరించినవారి మీదనే. ప్రశ్నించిన యోబు మీద కాదు. చావు ఇంటిలోను రోగి మంచము దగ్గరను కారణములు చెప్పువారు ఈ కథను మరువరాదు.

4. నిరీక్షణ

నిరీక్షణ యందును ఆ ఈక్షణమే, అనగా చూపే, కలదు. పరీక్ష చుట్టును చూచుట. నిరీక్షణ ఎదురు చూచుట. ఇంగ్లీషులో దీనికి వాడు మాటకు ఆశ యని మాత్రమే అర్థము. ఆశ మనసులో నుండును. ఎదురుచూపు కండ్లలో నుండును. ఎదురుచూచువాడు వాకిలి ఊడ్చును, దీపము సర్దును, అన్నము మిగిల్చి యుంచును. రానున్నదాని కొరకు నేడే పని చేయుట నిరీక్షణ.

నెటాలులోని తెలుగు బాప్తిస్టులు ఇట్లే ఎదురుచూచిరి. పాదిరి లేడు; గుడి లేదు. వారే కూడి ప్రార్థించుకొనిరి. తమకొక కాపరిని పంపుమని నెల్లూరు ప్రాంతపు సంఘములను వేడుకొనిరి. ఆ మొఱను ఆలకించి తెలుగు బాప్తిస్టుల స్వంత మిషను సంఘము రెవరెండు జాన్ రంగయ్యగారిని పంపెను. ఆయన 1903లో భార్య కనకమ్మగారితోను బిడ్డలతోను డర్బనులో దిగెను. ఆ సంవత్సరము డిసెంబరు మాసములో స్టాంజరుకు, అనగా నేటి క్వాదుకూజాకు, సమీపమున కేర్స్నీ తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడెను. కొన్ని యేండ్లలోనే తీరపు తోటలలోను పట్టణములలోను మరికొన్ని సంఘములు లేచెను. రంగయ్యగారు 1915లో నెటాలులోనే కన్నుమూసిరి.

ఈ సంగతిలో విశేషమేమి? పేదలైన తెలుగువారే తమ కానుకలతో తమలో నొకనిని సముద్రము దాటించి పంపిరి. తీసికొనుటకే పుట్టినవారని లోకము తలచిన జనులు ఇచ్చువారైరి. ఇది నిరీక్షణ ఫలము.

ఆ పిమ్మటి కష్టములు వేరు రూపము ధరించినవి. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టమువలన భారతీయ కుటుంబములు తాము కట్టుకొన్న ఇండ్లను, తోటలను, ఆరాధన స్థలములను విడిచి ఛాట్స్‌వర్తు, ఫీనిక్సు వంటి క్రొత్త పేటలకు తరలవలసి వచ్చెను. హిందువులును, ముస్లిములును, క్రైస్తవులును ఒకే లారీలలో సామాను ఎక్కించుకొనిరి. క్రొత్త చోట మొదట ఇండ్లలోను పిమ్మట మందిరములలోను ఆరాధన మరల మొదలయ్యెను. 2022 ఏప్రిలు వరదలలో ఈ రాష్ట్రమున నాలుగు వందలమందికి పైగా మరణించిరి. టొంగాటులో నీటి శుద్ధి కేంద్రము పాడై జనులు నెలల తరబడి త్రాగునీటికి కటకటపడిరి. ఆ దినములలో నీటి డబ్బాను పొరుగు గుమ్మము ముందు దించినవారు, ఆ పొరుగువారి మతమేమని అడుగకయే, ఈ పాఠమును ఆచరించినవారు.

5. ఇంట ఆచరణ

చదివిన నాలుగు మాటలు ఇంటిలో ఎట్లు నిలుపుకొనవచ్చును?

మొదటిది, వారములో ఒక పూట నిజమైన విశ్రాంతి. దుకాణమును, ఫోనును ప్రక్కన పెట్టి కుటుంబము కలిసి కూర్చుండుట. పూర్వికులు కోత కూలికిని వెరవక కాపాడుకొన్న పూట అది.

రెండవది, కష్టములో నున్నవారి యొద్దకు పోయినప్పుడు ముందు కూర్చుండుట, పిమ్మట అవసరమైనచో మాటలాడుట. యోబు స్నేహితుల మొదటి ఏడు దినములను అనుసరించుట. తరువాతి దినములను విడుచుట.

మూడవది, అన్యాయమును అన్యాయమని పలుకుట. ఇంటిలో దెబ్బలు తిను స్త్రీకి ఓర్చుకొమ్మని మాత్రము చెప్పి పంపుట ఓర్పును బోధించుట కాదు. ఆ మాటను చెడగొట్టుట. ఆమెకు తలుపు తెరచుటయే న్యూకాసిలు ఇంటివారు చూపిన మార్గము.

నాలుగవది, తెలుగులో పాడుట. తెలుగు క్రైస్తవులు ఎక్కడ నున్నను పాడు కీర్తనలలో అనేకము పురుషోత్తమ చౌదరిగారు రచించినవి. 1803లో బ్రాహ్మణ కుటుంబమున పుట్టి, క్రీస్తును విశ్వసించినందున అయినవారికి దూరమై, 1890 వరకు జీవించిన ఆయన తన బాధను రాగ తాళములలో పెట్టెను. అర్థము తెలియక పాడిన కీర్తన చెవికి మాత్రమే చేరును. అర్థము తెలిసినప్పుడు అది బరువు మోయు భుజమునకు చుట్టకుదురు వంటిదగును.

విశ్వాసము అను మాటలో శ్వాస కలదు. నమ్మకముతో ఊపిరి పీల్చుకొనుట విశ్వాసము. కష్టము పోయిన పిమ్మట ఊపిరి పీల్చుట అందరికిని తెలిసినదే. కష్టము ఉండగనే ఊపిరి పీల్చుట నేర్చిన తెలుగు స్త్రీపురుషులు కేర్స్నీ తేయాకు మొక్కల నడుమ ఉండిరి. వారి మనుమలకు ఆ మాటలు చేరవలెను.

అభ్యాస ప్రశ్నలు

1. శ్రమ యను మాటకు గల రెండు అర్థములు వ్రాయుము. విశ్రాంతి దానికి ఏ విధముగా చుట్టము?

2. ఓర్చినమ్మకు తేట నీరు అను సామెతలో ఆ యమ్మ చేయుచున్న పని యేమి? ఊరకుండుటకును ఓర్చుటకును భేదమేమి?

3. కరవు కాలములో క్లౌ దొర బాప్తిస్మము ఏల ఇయ్యలేదు? అది జనులకు మాత్రమే పరీక్షయా, మిషనుకు కూడ పరీక్షయా?

4. యోబు స్నేహితులు చేసిన మేలేది? చేసిన తప్పేది?

5. ఇంటిలోని పెద్దవారిని అడిగి, తాతముత్తాతల కష్టకాలములో వారికి ధైర్యమిచ్చిన కీర్తనయో, భజనయో, ప్రార్థనయో ఒకటి తెలిసికొనుము. దానిని తెలుగు అక్షరములలో నీ చేతితో వ్రాసి, వారికి చదివి వినిపింపుము.